మా బావకి సూదంటే భయం

కూర్చో తల్లీ. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి. ఇటు రా, ఈ గుడ్డల మూట అవతలికి జరిపి బెంచీ మీద కూర్చో. ఆఁ, ఇప్పుడు చెప్పు. ఏదో అడగాలని వచ్చి, అది అడక్కుండా గుండీల డబ్బా కెలుకుతావేం? ఊఁ. ఊఁ. అంటే మీ తాత అప్పుడు ఏం తిన్నాడు, ఏం తాగాడు, అదీ కావాల్సింది. మీ ఆయన కనుక్కుని రమ్మన్నాడా? డాక్టరేమో ఊపిరితిత్తిలో గడ్డ, చిన్నదే, మొదట్లోనే దొరికింది, మందెక్కిస్తే లొంగుతుంది, రేపు పొద్దున్నే వచ్చి చేరండి అన్నాడు. ఈయనగారేమో నేను రాను, మీ తాతకి ఏ మందూ లేకుండానే పోయింది కదా, నాకూ పోతుంది అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సరే, చెప్తాను. కానీ ఒక వరసలో చెప్పడం నాకు చేతకాదమ్మా, నా నోరు కూడా ఈ మిషను లాంటిదే, తొక్కడం మొదలెట్టాక ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు. నువ్వు కంగారుపడి మధ్యలో లేవకు. రేపు పొద్దుటికి ఇంకా బోలెడు టైముంది.

మీ తాతని నువ్వు చూశావు గానీ గుర్తుండదు, ఆయన పోయేసరికి నీకు అయిదేళ్ళు. నాకు బావ, మా అక్క మొగుడు, అంతకు మించి గురువు. ఎంత పొడుగనుకున్నావు? ఈ గుమ్మంలోంచి రావాలంటే తల వంచాల్సిందే. ఆయన తల వంచింది ఈ గుమ్మం ఒక్కదాని దగ్గరే అనేది మీ అమ్మమ్మ. కటింగ్ మాస్టరు. టేపు మెడలో అలంకారానికి ఉండేది గానీ, మనిషి అలా రోడ్డు దాటుతుంటే ఇక్కణ్ణుంచే చూసి నడుము ముప్ఫై నాలుగు, ఎడమ భుజం అరంగుళం కిందకి అని చెప్పేవాడు. ఆయన కత్తిరించాలి, నేను కుట్టాలి. అదీ మా ఒప్పందం. పన్నెండేళ్ళు చేశానమ్మా ఆయన దగ్గర, పన్నెండేళ్ళలో ఒక్క కోటు కత్తిరించనివ్వలేదు నన్ను. "బావా, ఈ ఒక్కటీ నేను..." అనబోతే చాలు, "నువ్వు కాజాలు చూసుకోరా అబ్బాయ్, కాజాలు నీ అంత బాగా ఎవరూ కుట్టరు" అనేవాడు. మెచ్చుకున్నాడో, తోక కత్తిరించాడో తెలిసేది కాదు. కత్తెర చేతిలో లేకపోతే సిగరెట్టు ఉండేది. అదొక్కటే ఆయన చేసుకున్న పాపం, దానికి ఎవర్నని ఏం లాభం.

దగ్గు అంతకు ముందు నుంచీ ఉంది. ఎవరం పట్టించుకున్నాం? దుమ్ము, నూలు పోగులు, ఈ పనిలో అందరికీ దగ్గే. ఒకరోజు తెల్ల లైనింగు గుడ్డ పరుచుకుని గీతలు గీస్తూ దగ్గాడు, గుడ్డ మీద ఎర్రగా పడింది. గబుక్కున మడతపెట్టేశాడు, నేను చూశాను. మర్నాడు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. పెద్ద డాక్టరు, నెమ్మదైన మనిషి, పాపం ఎక్స్‌రే కిటికీ దగ్గర పట్టి చూపించాడు. మీ తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, "లైనింగు బాగా మాసింది డాక్టరుగారూ" అన్నాడు. ఆయన నవ్వలేదు. ఇది చాలా జోరుగా పెరిగే రకం, రెండు వైపులా పాకింది, మందెక్కిస్తే ఇంకొన్నాళ్ళు లాగొచ్చు, లేకపోతే మూడు నెలలు అన్నాడు. ఆలోచించుకుని వస్తానని మీ తాత లేచాడు. మళ్ళీ వెళ్తే ఒట్టు. ఇక చూడు, చుట్టాల్లో, వీధిలో ఒకటే పొగడ్తలు. ఎంత గుండె ధైర్యం, చావుని కూడా లెక్కచెయ్యడం లేదు, మొగాడంటే అలా ఉండాలి అని. మీ ఆయన విన్నది ఆ ముక్కే కదూ?

ధైర్యమా, నా మొహమా. ఇది అప్పట్లో మీ అమ్మకి కూడా తెలీదు, విను. ఆ రోజు ఆసుపత్రిలో రక్తం తియ్యడానికి నర్సమ్మ సూది పైకెత్తింది. మా బావ నా మణికట్టు పట్టుకున్నాడు చూడు, గోళ్ళు దిగబడ్డాయి. ఆరడుగుల మనిషి చెమటలు కక్కుతూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బయటికొచ్చాక, "బావా, పొద్దున లేస్తే సూదులతోనే కదా నీ కాపురం" అన్నాను. "గుడ్డకి గుచ్చడం వేరురా, నాకు గుచ్చడం వేరు. ఈ సంగతి మీ అక్క చెవిన పడిందా, నీ పీక కోస్తా" అన్నాడు. అదీ సంగతి. వారం వారం సూది పెట్టి గంటలకొద్దీ ఎక్కిస్తారట, దానికి హడలిపోయి ఇంట్లో కూర్చున్నాడు. మా అక్క బతిమాలింది, ఏడ్చింది, మాట్లాడ్డం మానేసింది. ఉహూఁ.

నెల తిరక్కుండానే మంచం పట్టాడు. మనిషి సగమయ్యాడు. ప్యాంటు జారిపోతుంటే మంచంలో కూర్చునే నడుము కుట్లు విప్పి తనే బిగించుకునేవాడు, ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. షాపు నా మీద పడింది. ఇప్పుడు చెప్పబోయేది నా భాగోతం తల్లీ, నవ్వితే నవ్వు. ఈ కటింగ్ బల్ల ఉంది చూశావా, ఇది ఆయన ఎత్తుకి చేయించుకున్నది. నాకు ఛాతీ దాకా వచ్చేది. మునివేళ్ళ మీద నిలబడి ఒక కోటు చెయ్యి కత్తిరించాను, అది అష్టవంకరలు తిరిగింది. కింద పీట వేసుకోవచ్చుగా అంటావు. వేసుకోవచ్చు. కానీ మాస్టరన్నవాడు పీటెక్కి కత్తిరిస్తాడా? నాకప్పుడే మాస్టరునన్న పొగరు నెత్తికెక్కింది. వడ్రంగిని పిలిపించి బల్ల నాలుగు కాళ్ళూ జానెడేసి కోయించేశాను. ఆ ముక్కలు టీకొట్టువాడు పొయ్యిలోకని అడిగితే ఇచ్చేశాను. రెండు వీధుల అవతల మా బావ ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాడు, ఇక్కడ నేను రంపప్పొట్టు ఊడ్చుకుంటున్నాను. ఆ సాయంత్రం బల్ల ముందు నిలబడితే సరిగ్గా నా నడుముకి వచ్చింది. సంతోషమేసింది. నిజం చెప్తున్నా, సంతోషమే వేసింది. ఆ తర్వాత వాళ్ళింటికెళ్ళి ఆయన పక్కన కూర్చుని, అక్క పెట్టిన అన్నం కంచం పక్కకి నెట్టేశాను.

తర్వాత జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, ఒళ్ళు ముట్టుకుంటే ఇస్త్రీ పెట్టే. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని వీధి చివరి డాక్టరు వచ్చి చూశాడు, అక్కని పక్కకి పిలిచి, పిల్లని బడి మాన్పించి ఇంట్లో ఉంచుకోండమ్మా అన్నాడు. పిల్లంటే మీ అమ్మ. అప్పటికి పదహారేళ్ళు. పన్నెండు రోజులు తడిగుడ్డలు మార్చింది ఆ పిల్ల. ఆయన కలవరింతల నిండా కొలతలే. ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగు, మెడ... మెడ దగ్గర ఆగిపోయేవాడు. పదమూడో రోజు పొద్దున చెమట పట్టింది. పక్కబట్టలు పిండితే నీళ్ళు కారేంత చెమట. మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "ఆకలేస్తోందే" అన్నాడు. మేమేం సంబరపడలేదు. ఆరిపోయే ముందు దీపం ఓసారి వెలుగుతుందంటారుగా, అదే అనుకున్నాం. అక్క గంజి పెట్టింది, తాగాడు. సాయంత్రం మళ్ళీ అడిగాడు. మర్నాడు గంజేమిటి, రోగిష్టివాడిలాగా, అన్నం పెట్టమని కేకలేశాడు.

ఇలా మూడు వారాలు గడిచాయా, ఒకరోజు నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఎర్రగా చూస్తున్నాడు. "ఏరా, నా ప్యాంటు ముట్టుకోవద్దన్నానా లేదా?" నేను ముట్టుకోలేదు బావా. "ముట్టుకోకపోతే ఎలా బిగుసుకుంది? అంగుళంన్నర పైగా లోపలికి తీశావు. కొలత తెలీదు, పాడూ తెలీదు, నా నడుము మీద నేర్చుకుంటున్నావా?" ఒట్టు బావా, నేను సూదే పట్టలేదు. "అయితే గుండీ ఎందుకు అందట్లేదు? నాకు మతిపోయిందా?" ఇద్దరం గొంతులు లేపాం. అక్క వంటింట్లోంచి వచ్చి, "ముందు ఆ కుట్టు చూడండి" అంది. చూశాం. ఆయన కుట్టే, ఆయన దారమే, ఆయన వేసిన ముడే. ఎవరూ విప్పలేదు. అక్క వెళ్ళి టేపు తెచ్చి ఆయన నడుము చుట్టూ వేసింది. రెండుసార్లు వేసింది. ముప్ఫై ఒకటి. జ్వరానికి ముందు ఆయన తనకు తాను కొలుచుకుంటే ఇరవై తొమ్మిది. అక్క అక్కడే నేల మీద కూలబడి, టేపు కళ్ళకద్దుకుని, మొదటిసారి చప్పుడు బయటికొచ్చేలా ఏడ్చింది.

పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూసి, ఈయన పేరు మూడుసార్లు అడిగాడు. ఎక్కడ వైద్యం చేయించారు అన్నాడు. ఎక్కడా లేదండీ అన్నాను. ఇంకో ఇద్దరు డాక్టర్లని పిలిచాడు, వాళ్ళూ ఈయన వీపు మీద తట్టి చూశారు. మచ్చ సగానికి సగం తగ్గింది. ఆర్నెల్లకి అసలు కనపడలేదు. పెద్ద డాక్టరు చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తు. "ఇది ఎన్ని వేలమందిలోనో ఒకరికి జరుగుతుంది. ఎందుకో మాకు తెలీదు. ఆ జ్వరం వల్ల కావచ్చు, కాకపోవచ్చు. మీరు ఏదో చేసినందువల్ల కాదు, మానేసినందువల్ల అంతకన్నా కాదు. మిమ్మల్ని చూసి ఇంకెవరైనా మందు మానేస్తే ఆ పాపం మనిద్దరిదీ" అన్నాడు. మీ తాత బుద్ధిగా తలూపాడు.

ఇక షాపుకి వచ్చిన రోజు. ముందు చెప్పి రాలేదు, చేతికర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చేశాడు. నేను బల్ల మీద గుడ్డ పరిచి ఉన్నాను, కాళ్ళు కనపడకుండా ఆ గుడ్డ అంచు కిందకి దించుదామనుకునేలోగా ఎదురుగా నిలబడ్డాడు. అలవాటు ప్రకారం చెయ్యి ముందుకు చాపాడు. బల్ల ఉండాల్సిన చోట బల్ల లేదు. చెయ్యి గాల్లో ఉండిపోయింది. వంగి చూశాడు, కోత చూశాడు. నాకు భూమిలోకి వెళ్ళిపోదామనిపించింది. "కాళ్ళు నరికావు సరే, ముక్కలేవిరా?" అన్నాడు. టీకొట్టు పొయ్యిలోకి ఇచ్చేశాను బావా. "అంటే నన్ను పంపించేసి, వెనకాలే నా బల్లని కూడా పంపించావన్నమాట." చేతుల్లో మొహం పెట్టుకున్నాను. ఆయనే భుజం తట్టాడు. "ఊరుకో. నువ్వొక్కడివే ఏంటి, నేనూ పోతాననే అనుకున్నాగా. నాకూ చేతనైతే నేనే కోసి ఇచ్చేవాణ్ణి" అని, కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. "మొదలుపెట్టిన కోటు నువ్వే కత్తిరించు, నేను కూర్చుని తిడతాను." అలా నేర్చుకున్నానమ్మా ఈ విద్య. రోజూ తిట్టేవాడు.

అసలు గొడవ అక్కణ్ణుంచే మొదలైంది. మనుషులు రావడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి నుంచో, కొలతలిచ్చే నెపంతో వచ్చి, మెల్లగా, "మాస్టరుగారూ, మీరేం వాడారు?" ఏమీ లేదంటే నమ్మరు. ఏదో ఆకు దాస్తున్నాడనుకునేవారు. మా బావకి అసలే నోటి దురద. కళ్ళజోళ్ళ షాపాయన ఒకాయన ఉండేవాడు, సన్నగా, మర్యాదగా మాట్లాడేవాడు, ఆయనకీ ఛాతీలో అదే జబ్బు, అయితే మీ ఆయనకి లాగే మొదట్లోనే దొరికింది. నాలుగు రోజులు వరసగా వచ్చి అడిగాడు. అయిదో రోజు విసిగిపోయి, ఇస్త్రీ చేస్తూ చేస్తూ, "ఇదిగో, ఈ తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టె పెడితే వస్తుందే ఆవిరి, రోజూ పొద్దున్నే దీన్నే పీల్చాను, పోయింది" అన్నాడు మీ తాత. నేను నవ్వాను కూడా. కళ్ళజోళ్ళాయన నవ్వలేదు, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

నెల తర్వాత వాళ్ళావిడ వచ్చింది. "మాస్టరుగారూ, గుడ్డ చన్నీళ్ళలో తడపాలా, వేణ్ణీళ్ళలోనా? ఈయనకి దగ్గు తగ్గట్లేదు" అంది. ఏ గుడ్డమ్మా? "అదే, మీరు చెప్పిన వైద్యం. ఆసుపత్రి మానేసి అదే చేస్తున్నారు." మా బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన్ని మంచం మీద చూశాను, జ్వరంలో చూశాను, అంత భయం ఎప్పుడూ చూడలేదు. ఉన్నపళాన, ఒక చెప్పు నాదీ ఒకటి తనదీ వేసుకుని ఆవిడ వెనకాల పరిగెత్తాడు, నేను ఆయన వెనకాల. వెళ్ళి చూస్తే ఆ పెద్దమనిషి నెత్తి మీంచి తువ్వాలు కప్పుకుని, కొత్త ఇస్త్రీ పెట్టె ముందు కూర్చుని ఆవిరి పీలుస్తున్నాడు. ఊరందరికీ చూపు సరిచేసేవాడు. మా బావ ఆ తువ్వాలు లాగేసి, "నేను అబద్ధం చెప్పానయ్యా. వేళాకోళమాడాను. నాకెందుకు తగ్గిందో నాకు తెలీదు" అన్నాడు. ఆయనేమన్నాడో తెలుసా? "మీకు చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి, అబద్ధమని మాత్రం అనకండి" అన్నాడు. చూశావా ఆశ ఎంత పని చేస్తుందో. ఇక లాభం లేదని మా బావ ఆయన పక్కనే చతికిలబడి, "నేను మందుకి వెళ్ళకపోవడం ధైర్యం కాదు, సూదంటే నాకు చచ్చే భయం, అందుకని వెళ్ళలేదు. నాకు తగ్గింది నా తెలివి కాదు. పద, నీకు సూది గుచ్చే ప్రతిసారీ నేను పక్కన కూర్చుంటాను" అన్నాడు. నా పీక కోస్తానని దాచుకున్న రహస్యం, వాళ్ళావిడ ముందు, పక్కింటివాళ్ళ ముందు.

కూర్చున్నాడు కూడా. వారానికోసారి, ఏడెనిమిది నెలలు. నేనూ రెండు మూడుసార్లు తోడు వెళ్ళాను, ఎవరు రోగో ఎవరు తోడో పోల్చుకోలేకపోయాను. నర్సమ్మ సూది తియ్యగానే మా బావ కళ్ళు మూసుకుని వణికేవాడు, ఆ కళ్ళజోళ్ళాయనే ఈయన చెయ్యి నిమురుతూ, "అయిపోయింది మాస్టారూ, అయిపోయింది, చూడండి" అనేవాడు. ఆయనకి జుట్టంతా ఊడింది, మళ్ళీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది. ఇరవై రెండేళ్ళు బతికాడు ఆ తర్వాత. నా మొదటి కళ్ళజోడు ఆయన ఇచ్చిందే. మీ తాత ఆ అలవాటు మానలేదు. ప్రతి గురువారం షాపు నాకొదిలేసి ఆసుపత్రి వరండాలో ఎవరో ఒకరి పక్కన కూర్చునేవాడు, వాళ్ళ సంచులు మోసేవాడు, తెగిపోయిన గుండీలు అక్కడే కుట్టిపెట్టేవాడు. అందరూ బతకలేదు. దాచడం ఎందుకు, చాలామంది బతికారు, కొందరు పోయారు. పోయినవాళ్ళ ఇంటికెళ్ళి వచ్చిన రోజు ఆయన కత్తెర ముట్టుకునేవాడు కాదు. నాకెందుకురా ఇచ్చారు ఈ బతుకు, ఏం చూసి ఇచ్చారు అనేవాడు. ఆ జ్వరం తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడు మీ తాత. మీ అమ్మ పెళ్ళి చూశాడు, నిన్నెత్తుకుని ఈ వీధంతా తిరిగాడు. ఆఖరికి ఓ మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తూ గుండె ఆగి పోయాడు. ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయట.

అదీ కథ. ఆకూ లేదు, పసరూ లేదు. అది మీ ఆయనకి చెప్పు... ఏంటలా చూస్తావు? ఆఁ, తెలుసు. ఎవరు చెప్పారు అతనికి ఆ మాట అని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. నేనే. మీ పెళ్ళిలో భోజనాల దగ్గర, నా పక్కనే కూర్చున్నాడుగా పెళ్ళికొడుకు, "మా బావ సంగతి తెలుసా నాయనా, డాక్టర్ల మొహాన తలుపేసి, ఒక్క మాత్ర మింగకుండా, గుండె ధైర్యంతో చావుని తరిమేశాడు" అని చెప్పాను. చేతులు తిప్పుతూ చెప్పాను. అతను అన్నం తినడం మాని విన్నాడు. సూది సంగతి చెప్పలేదు, కళ్ళజోళ్ళాయన్ని చెప్పలేదు, బల్ల కాళ్ళు అసలే చెప్పలేదు. ఎన్ని చోట్ల చెప్పానో అలాగే. అలా చెప్తే వినడానికి బాగుంటుంది తల్లీ, అందుకే. ఆ పెద్ద డాక్టరు ఏమన్నాడో నేను చెవులారా విన్నాను, విని కూడా...

లే. ఆ షట్టరు సగం దించు, నేను వంగలేను. రేపు ఎన్నింటికి రమ్మన్నారు, ఎనిమిదికా? అయితే ఇప్పుడే పోదాం పద. ఏం చెప్తానా? అబద్ధం చెప్పానని చెప్తాను, ఇంకేం చెప్తాను. నమ్మకపోతే నమ్మేదాకా అక్కడే కూర్చుంటాను, పొద్దున్న ఎటూ మీతో ఆసుపత్రికి రావాలి. మీ ఇంట్లో ఒక దుప్పటి ఎక్కువుంటుందిగా?